పన్నెండో ఫోన్

"చర్చిలో లేడు. రైల్వే స్టేషన్లో లేడు. బస్టాండులో ఇడ్లీ బండోణ్ని కూడా అడిగినా. ఇంగ యాడ ఎతకల్లనో నువ్వే చెప్పు."

విజయ్ కుమార్ హెల్మెట్టు తీసి మంచం మీద పారేశాడు. అది వాళ్ల నాయన మంచం. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, తలగడ మీద ఉంచి, ఎవరి మీదా కోపం లేనట్టు వెళ్లిపోయాడు పెద్దాయన. హెల్మెట్టు దొర్లి దుప్పటిని నేల మీదికి లాగేసింది. లోయిస్ వంగి దాన్ని తీసి, మళ్లీ అవే మడతలు పెట్టి, అక్కడే ఉంచింది.

ఎనిమిది కావస్తోంది. పొద్దున అయిదున్నరకు తలుపు చప్పుడు ఆమె విన్నది. లేచి చూడాలని కూడా అనిపించింది. ఒళ్లు లేవనివ్వలేదు. వారమంతా చేసిన బస్సు ప్రయాణాలు ఎముకల్లో కూర్చుని ఉన్నాయి. మామ పాల ప్యాకెట్టుకు పోతున్నాడులే అనుకుని అటు తిరిగి పడుకుంది. ఆ తిరగడమే ఇప్పుడు పదే పదే గుర్తొస్తోంది.

"ఫోన్ మళ్లీ చేసినారా?"

"స్విచ్ ఆఫ్. నువ్వు చేస్తే ఒక రకంగా, నేను చేస్తే ఒక రకంగా మోగుతాదా?"

"పోలీసులకు చెబుదామండీ."

"చెప్పి? మతి తప్పిన ముసలాయన అని వాట్సప్‌లో ఫోటో ఏస్తారు. మా నాయనకు మతి తప్పలేదు."

"తప్పిందని నేను అనలేదు."

"నోటితో అనలేదు. రెండు నెలల నుంచి ముఖంతో అంటాండావు."

పోయిన నెల పాలకని వెళ్లిన మనిషిని ఒక ఆటో అతను తీసుకొచ్చి దింపినప్పుడు, డాక్టరుకు చూపిద్దామని లోయిస్ ఒక్కసారే అంది. ఆ ఒక్కసారికే మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. రెండోసారి అనే ఓపిక ఆమెకు లేకపోయింది.

"అంతా నీ ఇంగ్లీషే చేసింది" అన్నాడు విజయ్. "డెబ్బై నాలుగేండ్ల మనిషిని వరండాలో కూర్చోబెట్టి, దేశనూరు పిల్లోళ్లందరికీ నంబరిచ్చినావు. రోజూ అడిగిందే అడిగి, చెప్పిందే చెప్పించుకుని, మనిషికి తల తిరిగింటాది."

"అందరికీ కాదు. పదకొండు మందికి."

"ఓహో. లెక్క మాత్రం తప్పవు."

సిరుగుప్ప అవతల ఉన్న దేశనూరు సర్కారు ప్రాథమిక పాఠశాలలో లోయిస్ గెస్ట్ టీచరు. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడతారు. ఇంగ్లీషు పుస్తకంలో ఉంటుంది, పుస్తకం సంచిలో ఉంటుంది. ఆ భాషలో వాళ్లను పలకరించే మనిషి ఊరు మొత్తంలో లేడు. అందుకే జూన్‌లో ఆమె ఒక ఏర్పాటు చేసింది. నాలుగో తరగతి పిల్లలు పదకొండు మంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఒకరి తర్వాత ఒకరు, అమ్మదో నాయనదో ఫోన్ తీసుకుని తన మామ కృపానందం గారికి చేయాలి. పేరు చెప్పుకోవాలి. మూడు ప్రశ్నలు అడగాలి. ఆయన చెప్పిన జవాబులు నోటుపుస్తకంలో రాసుకోవాలి. అన్నీ ఇంగ్లీషులోనే. మనిషికి అయిదు నిమిషాలు.

దోణిమలై గనుల్లో ముప్పై ఏళ్లు కార్మికుల హాజరు రాసే టైమ్ ఆఫీసు గుమాస్తాగా పనిచేసిన పెద్దాయనకు అది దసరా పండగలా ఉండేది. ఆరింటికే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. క్లాసు జరుగుతోంది, ఎవరూ రావద్దని వరండా తలుపు మూసుకునేవాడు. ఆ వేళకు లోయిస్ వంటింట్లో ఉండేది. కుక్కరు కూతల మధ్య ఇంగ్లీషు ముక్కలు చెవిన పడేవి. వినేంత తీరిక ఉండేది కాదు.

బయట చెప్పుల చప్పుడైంది. వీధి మూల బొరుగుల ఉగ్గాణి బండి పెట్టుకునే పక్కీరమ్మ గడప దాటకముందే మాట మొదలుపెట్టింది.

"విజయప్పా, పెద్దాయన ఇంగా రాలేదంట గదా? నేను చూసినాను గదప్పా పొద్దున్నే! స్టవ్వు అంటిస్తాండా. తెల్ల షర్టు ఏసుకున్యాడు, ఇస్త్రీ మడత కూడా పోలేదు. చేతిలో సంచి."

విజయ్ ఒక్క అడుగులో ఆమె ముందుకు వచ్చాడు. "ఎటు పోయినాడు?"

"రోడ్డు దిక్కు. 'యాడికి పెద్దాయనా ఇంత బేగ' అని అడిగితి. చెప్పినాడు."

"ఏమని?"

పక్కీరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంగ్లీషులో చెప్పినాడప్పా."

"ఇంగ్లీషులో ఏం చెప్పినాడు?"

"నాకేం గొత్తు? నేనేమన్నా నీ పెండ్లాం దగ్గర చదువుకుంటినా? ఈమధ్య అంతా ఇంగ్లీషే గదా ఆయప్పది. పిల్లోళ్ల పాఠం నెమరేసుకుంటాండాడులే అనుకొంటి. 'ఆయ్తు, పోయి రాప్పా' అంటి. నవ్వి పోయినాడు."

"ఒక్క మాటన్నా గుర్తుకు తెచ్చుకో పక్కీరక్కా" అంది లోయిస్.

పక్కీరమ్మ కళ్లు మూసుకుని కాసేపు నిలబడింది. "గర్ల్ అన్యాడు. అదొక్కటి తెలుసు నాకు. మా మనవరాలి బడిలో ఆడపిల్లోళ్ల దొడ్డి మీద రాసుంటాది."

విజయ్ తల కొట్టుకున్నాడు. "బాగుండాది. చూసిన మనిషి ఒక్కతి. ఆయమ్మకు చెప్పింది ఇంగ్లీషులో."

"నా మీద ఎగరొద్దప్పా. మీ ఇంట్లో ఇద్దరికి ఇంగ్లీషు వస్తాది. ఇద్దరూ పడుకొనుంటిరి" అని పక్కీరమ్మ వెనక్కి తిరిగింది. బండి మీద బజ్జీలు మాడుతున్నాయి.

పడుకున్న ఇద్దరిలో ఇంగ్లీషు వచ్చింది ఒక్కరికే. విజయ్ పదో తరగతితో చదువు ఆపేసి జీన్సు ప్యాంట్ల యూనిట్లో కటింగ్ మాస్టరు అయ్యాడు. బట్ట మీద కత్తెర నడిపించమంటే కళ్లు మూసుకుని నడిపిస్తాడు. నాయన ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం పక్కకు తప్పుకుంటాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనరు.

లోయిస్ గొంతు సవరించుకుంది. చాలాసేపటి నుంచి నాలుక చివర ఉన్న మాట అది.

"ఏమండీ... దోణిమలైలో ఒకసారి అడిగితే?"

ఇల్లు ఒక్కసారిగా చల్లబడినట్టయింది.

దోణిమలైలో కృపమణి ఉంది. విజయ్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. పదకొండేళ్ల కిందట హనుమంత అనే డంపర్ డ్రైవర్ని పెళ్లి చేసుకుని ఇల్లు వదిలింది. మతం వేరు, కులం వేరు. మరుసటి ఏడు తల్లి మార్తమ్మ మంచం పట్టి పోయింది. సమాధి దగ్గర మట్టి ఇంకా తడిగా ఉండగానే విజయ్ అన్నాడు, ఇక ఆ పేరు మా ఇంట్లో వినపడకూడదని. అప్పటి నుంచి వినపడలేదు.

"అమ్మ పోయిన రోజు ఏమనుకుంటిమో మరిచిపోయినావా?"

"అనుకున్నది మీరు. మామ ఊరకుండినాడు."

"ఊరకుండినాడంటే నా మాటే ఆయన మాట."

"అడిగినారా ఎప్పుడైనా?"

విజయ్ హెల్మెట్టు అందుకున్నాడు. "ఆస్పత్రిలో చూసొస్తా. నేను వచ్చేలోగా ఆ ఊరికి ఫోన్ చేసినావంటే..."

వాక్యం పూర్తి చేయలేదు. చేయాలన్నా నంబరు లేదని ఇద్దరికీ తెలుసు.

బైకు చప్పుడు బళ్లారి కౌల్ బజార్ సందుల్లో కలిసిపోయింది.

లోయిస్ మామ మంచం మీద కూలబడింది. ఎదురుగా గూట్లో బైబిలు ఉంది, కళ్లద్దాల పెట్టె ఉంది. వాటి మధ్య జానెడు ఖాళీ. ఆయన గుమాస్తాగా చేరిన కొత్తలో కొన్న ఇంగ్లీషు నిఘంటువు అక్కడ ఉండాలి. అట్ట చిరిగితే జీన్సు ముక్కతో విజయే కుట్టి ఇచ్చాడు. అది లేదు.

దారి తప్పినవాడు నిఘంటువు సంచిలో పెట్టుకుని పోడు. ఇస్త్రీ షర్టు వేసుకోడు. మామ ఎక్కడికో బయల్దేరాడు.

ఆమె చూపు తన సంచి మీద పడింది. సంచిలో పదకొండు నోటుపుస్తకాలు. సోమవారం పై అధికారి తనిఖీకి వస్తున్నాడు, దిద్ది తెమ్మని హెడ్‌మాస్టరు నిన్న సాయంత్రం ఇచ్చి పంపాడు. పిల్లలు మూడు నెలలుగా రోజూ మామను అడిగిన ప్రశ్నలు, మామ చెప్పిన జవాబులు అందులోనే ఉన్నాయి.

వాటిని ఆమె ప్రతి శుక్రవారం దిద్దుతూనే ఉంది. బస్సులో, కుదుపుల మధ్య, కళ్లు మూతలు పడుతుండగా. పేజీ తిప్పడం, ఎర్ర పెన్నుతో ఒక టిక్కు, మళ్లీ పేజీ. ఈ మధ్య ఒక్క అక్షరం చదివిన గుర్తు లేదు.

మొదటి పుస్తకం తెరిచింది.

జూన్ పేజీలు బాగానే ఉన్నాయి. ఏం తిన్నారు సర్? జొన్నరొట్టె తిన్నాను. బయట వాన పడుతోందా సర్? లేదు, ఎండ కాస్తోంది. లోయిస్‌కు నవ్వు వచ్చింది.

ఆగస్టులో నవ్వు ఆగిపోయింది.

'మాత్ర వేసుకున్నారా సర్?' అన్నది ఆమె నేర్పించిన ప్రశ్నే. హులిగప్ప పుస్తకంలో జవాబు: వేసుకున్నాను. అదే సాయంత్రం, అయిదు నిమిషాల తర్వాత మహాదేవి పుస్తకంలో: ఏ మాత్ర? ఇంకో పది నిమిషాల తర్వాత నయన పుస్తకంలో: మార్తను అడిగి చెప్తాను.

మార్తమ్మ పోయి పదేళ్లయింది.

ఆ వాక్యం కింద తన ఎర్ర టిక్కు ఉంది. టిక్కు పక్కన తన చేతిరాతే: గుడ్.

లోయిస్ పుస్తకం మూసి, కాసేపు దాని అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో తాము చూడనిది పదకొండు మంది పిల్లలు చూశారు. చూసి, గుండ్రటి అక్షరాలతో రాసి, తన చేతికి ఇచ్చారు. తను గుడ్ అని రాసి వెనక్కి ఇచ్చింది.

మళ్లీ తెరిచింది. గత మూడు వారాల పేజీలు వింతగా ఉన్నాయి. పదకొండు పుస్తకాల్లోనూ అవే ప్రశ్నలు. అవి ఆమె నేర్పినవి కావు.

ఏ బస్సు సర్? సండూరు బస్సు. ఎక్కడ దిగుతారు సర్? సండూరులో. తర్వాత? దోణిమలై బస్సు. ఎప్పుడు సర్? శనివారం. ఎందుకు వెళ్తున్నారు సర్?

ఒక అమ్మాయి మాట్లాడేది వినడానికి.

ఇవాళ శనివారం.

లోయిస్ గబగబా చివరి పేజీలకు తిప్పింది. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల పది అంకెలు రాసి ఉన్నాయి. పదకొండు చోట్లా ఒకటే నంబరు. అది మామది కాదు, తనది కాదు, విజయ్‌ది కాదు.

అప్పుడు ఆమెకు ఇంకో లెక్క గుర్తొచ్చింది. పదకొండు మంది, మనిషికి అయిదు నిమిషాలు. ఆరున్నరకు మొదలైతే ఏడూ ఇరవై అయిదుకు అయిపోవాలి. వరండా తలుపు ఏ రోజూ పావుతక్కువ ఎనిమిదికి ముందు తెరుచుకోలేదు. ప్రార్థన చేసుకుంటున్నాడని అనుకునేది.

ఫోన్ తీసి హెడ్‌మాస్టరు శివన్నకు కలిపింది.

"లోయిస్ మేడమ్, లీవ్ లెటర్ యాడ? సోమవారం ఇన్‌స్పెక్షన్, గొత్తు తానే? గెస్ట్ టీచర్లు చెప్పకుండా..."

"సార్, మా మామ పొద్దున్నుంచి కనపడలేదు."

అవతల స్వరం మారింది. "ఎవరు, ఫోన్ సారా? అయ్యో, అట్లయితే లెటర్ సంగతి బిడమ్మా, తర్వాత చూద్దాం. ఏం చెయ్యల్ల చెప్పు."

"నయనను ఒకసారి పిలవండి. నిన్న చివరి ఫోన్ ఆ పాపదే."

పిల్లల రొద, బెంచీ జరిపిన చప్పుడు. స్పీకరు పెట్టినట్టున్నాడు. పదకొండు ఊపిరులు ఒకేసారి వినిపించాయి.

"గుడ్ మార్నింగ్ మిస్."

"నయనా, నిన్న సర్ నీతో ఏం మాట్లాడినాడు?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"భయపడొద్దు పాపా. నిన్ను ఎవరూ ఏమనరు."

"నేను కరెక్ట్ చెయ్యలేదు మిస్" అంది నయన. అప్పటికే గొంతులో ఏడుపు దిగింది.

"ఏం కరెక్ట్ చెయ్యలేదు?"

"సర్ రోజూ బస్ ఆట ఆడిస్తాడు మిస్. మేము అడగల్ల, సర్ చెప్పల్ల. సర్ తప్పు చెప్తే మేము 'నో సర్' అనల్ల. 'ఐ విల్ ఫర్గెట్, యూ విల్ రిమైండ్' అన్నాడు మిస్. అదే రూల్."

వెనక నుంచి ఒక మగపిల్లాడి గొంతు దూరింది. "మిస్, ఒక దినం నాకు ఆదోని బస్ అన్నాడు మిస్. నేను నో సర్ అంటి. వెరీ గుడ్ అన్నాడు."

"సుమ్మనిరు హులిగప్పా" అని శివన్న అదిలించాడు.

లోయిస్ కళ్లు మూసుకుంది. పిల్లలకు మామ ఇంగ్లీషు నేర్పుతున్నాడని ఆమె అనుకుంది. ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తన తల తనను మోసం చేయబోతోందని తెలిసిన మనిషి, తను పోవాల్సిన దారిని పదకొండు మంది పిల్లల నోళ్లలో దాచుకుంటున్నాడు. రోజూ పదకొండుసార్లు పాఠం అప్పజెప్తున్నది ఆయన. దిద్దుతున్నది పిల్లలు.

"నిన్న ఏమైంది నయనా?"

"'విచ్ బస్, సర్' అని అడిగితి మిస్. సిరుగుప్ప బస్ అన్నాడు. నేను నో సర్ అనేలోపల మా అమ్మ ఫోన్ లాక్కున్నాది. కలుపుకు మనుషులు కావల్ల, మేస్త్రీకి ఫోన్ చెయ్యల్ల అని. మళ్లీ ఇయ్యలేదు మిస్. నేను అడిగినా మిస్. ఇయ్యలేదు."

సండూరు పడమర. సిరుగుప్ప ఉత్తరం.

"ఏడవొద్దు. ఇంకొకటి చెప్పు. పుస్తకం వెనక నంబరు ఎవరిది?"

ఈసారి ఒక్క గొంతు కాదు, పదకొండు గొంతులూ కలిసి ఆ పది అంకెలనూ ఇంగ్లీషులో గడగడా చదివేశాయి. ఎక్కం చదివినట్టు, ఎక్కడా తడబడకుండా.

"రోజూ చెప్పించుకుంటాడు మిస్" అంది నయన. "ఎవరిదో చెప్పలేదు. మీరు పదకొండు మంది, అది పన్నెండో స్టూడెంట్ నంబర్ అన్నాడు."

లోయిస్ ఫోన్ పెట్టేసి తల ఎత్తింది. గుమ్మంలో విజయ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ముఖం మాత్రం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది.

"ఆస్పత్రిలో లేడు" అన్నాడు.

ఆమె ఒక నోటుపుస్తకం తీసి, వెనక అట్ట తెరిచి, ఆయన ముందు పట్టింది. విజయ్ ఆ అంకెలు చూశాడు. చెయ్యొద్దు అనలేదు. చెయ్యి అని కూడా అనలేదు. ఆయన ఏదో ఒకటి అనేదాకా ఆగే ఓపిక లోయిస్‌కు ఇక లేదు. నంబరు నొక్కి స్పీకరు పెట్టింది.

రెండోసారి మోగకముందే ఎత్తారు.

"గుడ్ మార్నింగ్. దిస్ ఈజ్ మార్త స్పీకింగ్. హూ ఈజ్ స్పీకింగ్, ప్లీజ్?"

చిన్నపిల్ల గొంతు. దేశనూరు పిల్లల్లాగే, ఒక్కో మాట మీద కాలు ఊని దాటుతున్నట్టు.

విజయ్ చేతిలోని బైకు తాళం జారి గచ్చు మీద పడింది. చనిపోయిన తల్లి పేరును ఒక పసిగొంతు అంత నిబ్బరంగా చెప్పుకుంటుంటే వింటూ అలాగే నిలబడిపోయాడు.

మార్తను అడిగి చెప్తాను. ఆ వాక్యం లోయిస్ కళ్ల ముందు మళ్లీ మెదిలింది. మామ ఆ రోజు మతి తప్పి మాట్లాడలేదు. ఈ మార్తనే అడుగుతానన్నాడు.

"నేను లోయిస్ పాపా. బళ్లారి నుంచి."

"లోయిస్ అత్తా?" పిల్ల ఇంగ్లీషు వదిలేసింది. "తాత యాడ ఉండాడత్తా? పది గంటలకు మా బడిలో నా స్పీచ్ ఉండాది. ముందర కూర్చుంటా అన్నాడు. పొద్దున్నుంచి బస్ స్టాపులోనే ఉండాము."

వెనక నుంచి ఆడగొంతు దగ్గరికి వచ్చింది. "ఎవరే పాపా? తాతనా? ఈడ ఇయ్యి."

విజయ్ చెయ్యి చాచాడు. లోయిస్ ఫోన్ ఇచ్చేసింది.

ఆయన పెదవులు కదిలాయి. పదేళ్లు ఏ పేరునైతే ఈ ఇంట్లో పలకనీయలేదో, ఆ పేరుతోనే మొదలుపెట్టాలి. నోరు తిరగలేదు. చెల్లీ అనబోయాడు, అదీ రాలేదు. మూడు నెలలుగా మూసిన వరండా తలుపు అవతల నుంచి వినీ వినీ చెవిలో ఇంకిపోయిన వాక్యం ఒకటి మాత్రం బయటికొచ్చింది.

"దిస్ ఈజ్... విజయ్ కుమార్ స్పీకింగ్."

అవతల ఏదో లారీ హారన్ మోగి దూరమైంది.

"అన్నా" అంది కృపమణి. "నాయన రాలేదన్నా. ఏడున్నర బస్సు చూసినాము. తొమ్మిది బస్సు చూసినాము. రెండింట్లోనూ లేడు."

"సిరుగుప్ప బస్సు ఎక్కినట్టుండాడు."

"ఎవరు చెప్పిరి?"

"పిల్లోళ్లు." విజయ్ గుమ్మం వైపు తిరిగాడు. "నేను పోతాండా. బైకు మీద గంటన్నరలో చేరుతా. ఆడ ఎవరినన్నా అడిగితే చెప్తారు. తెల్ల షర్టు, సంచి..."

"చెప్పరన్నా."

"ఏంది?"

"ఆయప్ప యాడికి పోతాండాడో ఎవరికీ తెలీదు. ఎవరడిగినా తెలుగులో చెప్పడు, కన్నడలో చెప్పడు. నిన్న నాకే చెప్పినాడు. దారిలో ఎవరన్నా ఎదురైతే ఇంగ్లీషులోనే జవాబు చెప్తా, తెలుగులో చెప్తే ఆ మాట విజయ్ చెవిన పడతాది అన్నాడు."

విజయ్ ఫోన్ లోయిస్ చేతిలో పెట్టి, గచ్చు మీద తాళం కోసం వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు.

లోయిస్ మనసులో సిరుగుప్ప బస్టాండు కదిలింది. రోజూ తను బస్సు మారే చోటు. వడ్ల మూటలు, కూలీల గుంపులు, అరుపులు. మధ్యలో తెల్ల షర్టు వేసుకున్న ముసలాయన. ఎటు పోవాలప్పా అని కండక్టరు అడుగుతాడు. ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్తాడు. కండక్టరు నవ్వి పక్క మనిషి వైపు తిరుగుతాడు. ఎవరో ఆయన్ను ఏదో ఒక బస్సు ఎక్కించేదాకా అంతే. ఆదోనికో, రాయచూరుకో.

గంటన్నర చాలా ఎక్కువ. దేశనూరు నుంచి అయితే ఆటోలో అరగంట కూడా పట్టదు.

కృపమణికి మళ్లీ చేస్తానని చెప్పి, ఆమె శివన్నకు కలిపింది.

"సార్, మా మామ సిరుగుప్ప బస్టాండులో ఉండాడు. పిల్లోళ్లను ఆడికి తీసకపోవల్ల. ఇప్పుడే."

"ఏమంటాండావమ్మా? బడి టైములో, బస్టాండుకా? నేను పోతాలే. గుర్తులు చెప్పు."

"మీరు అడిగితే చెప్పడు సార్. ఎవరు అడిగినా చెప్పడు. వాళ్లు అడిగితేనే చెప్తాడు. వాళ్ల గొంతులే ఆయనకు తెలుసు."

"మేడమ్." శివన్న మాట నెమ్మదించింది. "పదకొండు మంది పసిపిల్లోళ్లు. పెద్దోళ్ల సంతకం లేకుండా గేటు దాటిస్తే సోమవారం నా గతి ఏమి? ఒక్క పాపకు ఏమన్నా అయిందంటే? నువ్వే చెప్పు, నువ్వు నా కుర్చీలో ఉంటే దాటిస్తావా?"

ఆయన అడిగింది న్యాయమే. ఆ కుర్చీలో ఉంటే లోయిస్ కూడా దాటించేది కాదు.

బయట విజయ్ బైకును కిక్కు కొడుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు. అంటుకోవడం లేదు.

శివన్న ఫోన్ పెట్టేయలేదు. ఆయన వెనక, తరగతి గదిలో ఎక్కడో, ఒక సన్నని గొంతు తనలో తాను చెప్పుకుంటున్నది మాత్రం వినపడుతోంది. నిన్న చెప్పలేకపోయిన మాట అది.

"నో సర్, సండూర్ బస్. నో సర్, సండూర్ బస్. నో సర్..."